చక్రముల కుర్చీల క్రీడలకు మూలపురుషుడు : సర్ లుడ్విగ్ గుట్‌మన్

మహాభారతమున సైంధవవధ జరిగిన నాటి వృత్తాంతము మన గ్రంథాలయమునకు వచ్చు చదువరులలో పెక్కుమంది యెరిగినదే. ప్రొద్దు గ్రుంకు లోపల ప్రతిజ్ఞ తీర్చుకొనవలసిన యర్జునుని గుఱ్ఱములు నడిమి పోరులో దెబ్బలు తిని, దప్పిగొని, అడుగు ముందుకు వేయలేక నిలిచిపోయెను. అంతట అర్జునుడు రథము దిగి శత్రువుల నడ్డగించుచు నేలపై బాణమేసి మడుగు నేర్పరచెను. కృష్ణుడు గుఱ్ఱములను విప్పి, వాని యొడళ్లలో నాటిన ములుకులను పెరికి, నీరు పట్టి, ఒడలు తోమి, అలసట తీర్చి మరల కాడికి కట్టెను. ఆ పని జరుగకున్నచో గాండీవ మెంతటిదైనను సైంధవుడు బ్రతికియే యుండెడివాడు. అయినను మనము బాణము వేసిన ఘట్టమును ఎలుగెత్తి చదువుదుము. గుఱ్ఱములను కడిగిన ఘట్టమును తొందరగా దాటిపోవుదుము.

ఈ రజతోత్సవ సంచికకు ఒక ప్రసిద్ధ పురుషుని చరిత్ర వ్రాసి యిమ్మని కార్యనిర్వాహకులు కోరినప్పుడు నాకు సర్ లుడ్విగ్ గుట్‌మన్ పేరు తోచినది. కాళ్లు చచ్చుబడినవారు చక్రముల కుర్చీలలో కూర్చుండి ఆడు క్రీడలకు ఆయన మూలపురుషుడు. నేడు లోకమంతయు పారాలింపిక్సని పిలుచు మహోత్సవము ఆయన పని చేసిన యొక ఆసుపత్రి పచ్చికబయలులో పుట్టినది. పతకములు పొందినవారి పేర్లు పత్రికలలో వచ్చుచునే యున్నవి. నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. జమ చూచినంతనే దానికెదురుగా ఖర్చు ఎక్కడ వ్రాయబడినదా యని వెదకుట నాకలవాటు. ఆ యలవాటుచేత ఈయన చరిత్రలో గుఱ్ఱములను కడిగినవారి కొరకు వెదకితిని. వెదకగా మొట్టమొదట కనబడినవాడు ఆ వైద్యుడే.

గుట్‌మన్ 1899వ సంవత్సరము జూలై 3వ తేదీన, నాడు జర్మనీలోనిదియు నేడు పోలెండులోనిదియు నగు తోస్ట్ అను చిన్న పట్టణమున ఒక యూదు కుటుంబమున జన్మించెను. బాల్యమునందే ఆ కుటుంబము బొగ్గుగనుల ప్రాంతమునకు తరలిపోయెను. 1917లో, మొదటి ప్రపంచయుద్ధము సాగుచుండగా, పదునెనిమిదేండ్ల యువకుడైన ఆయన గనిపనివారి ఆసుపత్రిలో సహాయకుడుగా చేరెను. వైద్యుడుగా కాదు సుమా. చెప్పిన పని చేయు పరిచారకుడుగా. అచ్చటికి వెన్నెముక విరిగిన యొక గనికూలీని తెచ్చిరి. బలిష్ఠుడు, వయసులో నున్నవాడు. అతనిని గూర్చి ఎక్కువ వ్రాతకోతలు అక్కరలేదనియు, కొన్ని వారములలో పోవుననియు పెద్దలు చెప్పిరి. అట్లే అతడు అయిదు వారములకు మూత్రదోషముచేతను, పడకపుండ్లచేతను మరణించెను. ఆ మరణమును గుట్‌మన్ జీవితాంతము మరువలేదు.

తరువాత ఆయన బ్రెస్లా నగరమున వైద్యము చదువ మొదలిడి, 1924లో పట్టము పొంది, నాడుల వైద్యమున ఆ దేశమందు ప్రఖ్యాతుడైన ఫోర్‌స్టర్ పండితుని వద్ద పని నేర్చెను. 1933లో హిట్లరు ప్రభుత్వము రాగానే యూదుడను కారణమున కొలువు పోయినది. బ్రెస్లాలోని యూదుల ఆసుపత్రిలో చేరి, 1937 నాటికి దానికి అధ్యక్షుడాయెను. 1938 నవంబరు 9వ తేదీ రాత్రి జర్మనీయందంతట యూదుల గుడులు తగులబెట్టబడినవి, అంగళ్లు దోచుకొనబడినవి. ఆ రాత్రి ఆసుపత్రి తలుపు తట్టినవాని నెవనినైనను, రోగమున్నను లేకున్నను, చేర్చుకొనవలసినదని ఆయన ఆజ్ఞాపించెను. అరువదినలుగురు చేరిరి. మరునాడు అధికారులు వచ్చి జాబితా చూచి నిలదీయగా, ఆయన మంచము మంచము కడకు వారిని త్రిప్పి, ఒక్కొక్కనికి ఒక్కొక్క రోగము కల్పించి చెప్పెను. అరువదిమంది దక్కిరి, నలుగురు దక్కలేదు. కల్పించిన రోగములను నిజమనిపించు నట్లుగా మంచములు పరచి, కట్లు కట్టి, మందుసీసాలు పెట్టిన దాదుల పేర్లు నాకు ఎచ్చటను కనబడలేదు.

1939 మార్చిలో ఆయన భార్యతోను, ఇద్దరు పిల్లలతోను ఇంగ్లండు చేరి, ఆక్స్‌ఫర్డు నగరమున పరిశోధన చేయుచు నాలుగేండ్లు గడపెను. యుద్ధము ముదిరినది. వెన్నులో గుండ్లు దూరిన సైనికులు గుంపులుగా వచ్చిపడుదురని ప్రభుత్వమునకు తెలిసినది. వారికొరకు బకింగ్‌హాంషైరు జిల్లాలో ఏల్స్‌బరి పట్టణము దాపున స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో ఒక ప్రత్యేక విభాగము నేర్పరచి, దానిని నడుపుమని గుట్‌మన్‌ను అడిగిరి. ఇతర వైద్యులకు ఆ పని యందు ఆసక్తి లేకుండెను. చచ్చువారిని కాచుకొని కూర్చుండు పని యని దానికి పేరు. మొదటి యుద్ధమున వెన్నుపాము తెగినవారిలో నూటికి ఎనుబదిమంది మరణించినట్లు లెక్క. గుట్‌మన్ తన చికిత్సలో ఎవ్వరును కలుగజేసికొనరాదని నియమము చేసికొని యొప్పుకొనెను. 1944 ఫిబ్రవరి 1వ తేదీన ఆ విభాగము ఒక్క రోగితో తెరవబడినది.

ఇక్కడ కొంత నిలువవలసియున్నది; ఆయన జీవితములోని మహత్కార్య మిదియే యని నా తలంపు.

వెన్నుపాము దెబ్బతిన్నవాడు నేరుగా ఆ దెబ్బచేత చచ్చుట తక్కువ. క్రింది యవయవములకు స్పర్శ యుండదు గనుక, ఒకే ప్రక్కన పడియుండగా ఒడలి బరువుచేత చర్మము నొక్కుకొని, నెత్తురు ఆడక, కుళ్లి పుండగును. నొప్పి తెలియదు కావున అతడు కదలడు, ఎవరిని కదల్పుమనడు. ఆ పుండు ఎముకదాక పోవును. మూత్రమును వదలు శక్తియు లేనందున అది నిలిచి విషమగును. ఈ రెండే చంపునవి. దీనికి గుట్‌మన్ వాడిన మందు సీసాలో పట్టునది కాదు. రెండేసి గంటల కొకసారి, పగలు రాత్రి యనక, రోగిని ప్రక్కకు త్రిప్పవలెను. అంతే. నేను లెక్క వేసితిని: ఒక రోగికి దినమునకు 12 మారులు, ఇరువదిమంది రోగులున్నచో 240 మారులు, ఒక్కొక్క రోగికి ఏడాదికి 4,380 మారులు. ప్రతి మారును బరువైన దేహమును తిన్నగా, వెన్ను మెలిపడకుండ ఎత్తుటకు ఇద్దరు ముగ్గురు కలియవలెను. ఈ పని చేసినవారు సైన్యమునుండి పంపబడిన సామాన్య పరిచారకులు. ఆయన మొదట తన చేతులతో త్రిప్పి చూపి వారికి నేర్పెను. అర్ధరాత్రివేళ చెప్పకుండ వార్డులోనికి వచ్చి, త్రిప్పిరా లేదా యని చూచుచుండెను. త్రిప్పనిచో ఆయన కోప మొక ప్రళయము.

ఒక్క మాట నా స్వవిషయము చెప్పుకొందును, మన్నింపుడు. ముప్పది యేండ్ల క్రిందట మా వీధిలో ఒక గీతకార్మికుడు తాటిచెట్టు మీదినుండి పడి నడుము విరుగగొట్టుకొనెను. ఇంటికి తెచ్చి నులకమంచముపై పరుండబెట్టిరి. నేను సాయంకాలములందు పోయి అతని మంచము ప్రక్కన కూర్చుండి భారతము చదివి వినిపించెడివాడను. శ్రద్ధగా వినెడివాడు. ద్రోణపర్వము సగము కూడ కాకముందే పడకపుండ్లు లేచి అతడు పోయినాడు. గంటలకొలది ప్రక్కన కూర్చుండిన నాకు అతనిని ప్రక్కకు త్రిప్పవలెనని తెలియలేదు. ఇంట నెవరికిని తెలియలేదు. గుట్‌మన్ ఆ పని మొదలుపెట్టి అప్పటికి అర్ధశతాబ్దము గడచియుండెను. ఆయనను గూర్చిన పుస్తకము తరువాత చాల కాలమునకు మన గ్రంథాలయమున నా చేతికి వచ్చినది.

బ్రతికించినంత మాత్రమున గుట్‌మన్ తృప్తిపడలేదు. బ్రతికినవాడు గోడవైపు చూచుచు పడియుండరాదని, ఆసుపత్రిలోనే వడ్రంగము, గడియారముల మరమ్మతు మున్నగు పనులు నేర్పించెను. ఒకనాడు రోగులు కొందరు కుర్చీలలో కూర్చుండి చేతికఱ్ఱలతో ఒక చెక్కబిళ్లను అటునిటు కొట్టుచు ఆడుట ఆయన కంటబడినది. సైన్యమున వ్యాయామము నేర్పు హిల్ అను ఉద్యోగిని వెంటబెట్టుకొని, తానును ఒక కుర్చీలో కూర్చుండి వారితో ఆడి చూచెను. ఆ యాటకు కుర్చీ పోలో యని పేరు పెట్టిరి. కాని దెబ్బలాటగా మారుటచేత మానిపించి, బుట్టలో బంతి వేయు ఆటను, విలువిద్యను ప్రవేశపెట్టెను.

విలువిద్య నేల యెన్నుకొనెనని చదువరు లడుగవచ్చును. విల్లు లాగుటచేత భుజములు, వీపు బలపడును. కుర్చీలో నిలకడగా కూర్చుండుట అలవడును. మరియొక విశేషము, కాళ్లున్నవానితో లేనివాడు సమముగా పోటీపడగల యాట యది. సూర్యుని రథము తోలు అనూరునికి తొడలు లేవు. ప్రొద్దు ఏనాడైనను ఆలస్యముగా పొడిచినదా? అయితే కుర్చీలోని విలుకానికి ఒక చిక్కున్నది. బాణము వేయగలడు, పచ్చికలో కుర్చీ నడపుకొని లక్ష్యము కడకు పోయి దానిని పెరికి తెచ్చుకొనుట కష్టము. ఆ పనికొక మనిషి కావలెను. ప్రతి వరుస ముగియగానే నడచిపోయి బాణములను లాగి తెచ్చి చేతికిచ్చుట వాని పని. చేతివేళ్లు పట్టుచాలనివానికి విల్లును చేతికి కట్టి బిగించుటయు అట్టిదే.

1948 జూలై 29వ తేదీన లండను నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమగుచుండగా, ఆ దినమే స్టోక్ మాండెవిల్ ఆసుపత్రి పచ్చికబయలులో పదునారుగురు కుర్చీలలో కూర్చుండి విలువిద్యలో పోటీపడిరి. అందు పదునలుగురు పురుషులు, ఇరువురు స్త్రీలు. రెండు జట్లు: ఒకటి ఆ ఆసుపత్రిది, రెండవది రిచ్మండులోని వికలాంగ సైనికుల గృహమునది. ఆ దినముననే, కుర్చీలతో రోగులెక్కుటకు వీలుగా మార్చబడిన యొక బస్సును ఆసుపత్రికి దానము చేసిరి. చరిత్రకారులు బాణములను లెక్కించిరి గాని, నాకు బస్సు ముఖ్యముగా కనబడుచున్నది. బస్సు లేనిదే ఆసుపత్రి గేటు దాటి ఆడబోవు జట్టు ఎక్కడిది?

1952లో హాలెండునుండి ఒక చిన్న జట్టు రాగా పోటీలు అంతర్జాతీయములైనవి. ఏటేట దేశములు పెరిగినవి. ఈ పెరుగుదల వెనుక జోన్ స్క్రూటన్ అను నొక స్త్రీ యున్నది. ఆమె యుద్ధకాలమున ఆ ఆసుపత్రిలో కార్యదర్శినిగా చేరి, గుట్‌మన్ ఉత్తరములు వ్రాయుచు క్రమముగా ఆ క్రీడాసంస్థ భారమంతయు నెత్తికెత్తుకొనినది. ఎన్ని దేశములవారు, ఎన్ని కుర్చీలు, ఎవరికి ఏ పడక, ఏ రైలు, ఏ విమానము అనునవన్నియు ఆమె కాగితములలో నుండెను. వైద్యుడు పోయిన పిమ్మటను ఆమె ఆ పని విడువలేదు. లెక్కలు వ్రాయు మావంటివారికి ఆమె పేరు తలచినచో కొంత గర్వము కలుగక మానదు.

1960 సెప్టెంబరు 18వ తేదీన రోము నగరమున 23 దేశములనుండి 400 మంది క్రీడాకారులు కూడిరి. ఒలింపిక్ క్రీడలు జరిగిన ఊరిలోనే, వాని వెంటనే ఈ క్రీడలు జరుగుట అదియే మొదలు. కాని వారికిచ్చిన బసలు స్తంభములపై కట్టిన యిండ్లు, ఎక్కవలెనన్న మెట్లు! ఈ యేర్పాటు చేసిన బుద్ధిమంతు లెవరో నే నెరుగను. ఇటలీ సైనికులు వచ్చి, క్రీడాకారులను కుర్చీలతో సహా ఎత్తి, దినమునకు పలుమారులు మెట్లు దింపుచు ఎక్కించుచుండిరి. ఒక వారముపాటు జరిగిన ఆ క్రీడలలో ఈ పోటీకి పతకము లేదు గాని, బరువు లెత్తుటలో వారిని మించినవారు లేరని చెప్పవచ్చును.

1964లో టోకియోలో జరిగినప్పుడు జపానువారు ఈ లోపమును దిద్దుకొనిరి. వాలుదారులు వేసిరి; కుర్చీలు ఎక్కు బస్సులు నడపిరి. అప్పుడు రెడ్‌క్రాసు సంస్థ ఆశ్రయమున భాషలు నేర్చిన యువతీయువకులు దుబాసీ దళముగా ఏర్పడి, వచ్చిన జట్ల వెంట తిరుగుచు సేవ చేసిరి. ఆ దేశమున ఇట్టి స్వచ్ఛంద సేవ కిది యొక మేలుబంతియైనది. 60 మీటర్ల కుర్చీ పరుగు మొదటిసారి అచ్చటనే జరిగినది.

కుర్చీని గూర్చి చెప్పక తప్పదు. తొలినాటి ఆసుపత్రి కుర్చీలు మిక్కిలి బరువైనవి. రోగిని మంచమునుండి వరండాకు తెచ్చుటకు చేసినవే గాని పరుగునకు చేసినవి కావు. గనిలో నడుము విరిగిన హెర్బర్ట్ ఎవరెస్ట్ అను అమెరికావాడును, అతని మిత్రుడైన హారీ జెన్నింగ్స్ అను ఇంజనీరును కలిసి 1933లో మడతపెట్టదగిన ఉక్కుగొట్టముల కుర్చీని చేసిరి. దానివలన కుర్చీ కారులో పట్టినది. మనిషి ఇల్లు కదలినాడు. తరువాత ఆటగాండ్రును, వారి వెంట నుండు మిస్త్రీలును కలిసి దానిని కోసి, తగ్గించి, మార్చుచు వచ్చిరి. చక్రములు పైన దగ్గరగా, క్రింద ఎడముగా వాలియుండునట్లు బిగించినచో కుర్చీ చటుక్కున తిరుగును, తల్లక్రిందు కాదు, రెండు కుర్చీలు రాచుకొన్నప్పుడు వ్రేళ్లు నలుగవు. నేడు పరుగు కుర్చీ వేరు, బంతియాట కుర్చీ వేరు. పరుగు కుర్చీకి మూడే చక్రములు. ముందుది దూరముగా సాగియుండును.

ఇంత సన్నని వస్తువు ఎంతగా పని చేయునో అంతగా చెడును. స్పోకు తెగును, ట్యూబు పగులును, బేరింగు అరుగును, గొట్టము అతుకు వీడును. కెనడా దేశపు విన్నిపెగ్ నగరమున పుట్టిన కుర్చీ రగ్బీ యను ఆటలో ఒకరి కుర్చీని ఒకరు గ్రుద్దుటయే నియమము. అందుచేత ప్రతి జట్టు వెంటను ఒక మిస్త్రీ విడి చక్రములను, పానాలను, గాలిపంపును ముందుంచుకొని గట్టున కూర్చుండును. టైరు పేలినంతనే లోనికి పరుగెత్తి, ఆటగాడు కుర్చీ దిగకుండగనే చక్రము మార్చి బయటపడును. ప్రేక్షకులు ఆ సమయమున మంచినీళ్లు త్రాగుచుందురు.

మన దేశమును 1968లో టెల్ అవీవ్ నగరమున జరిగిన ఈ క్రీడలలో మొదటిసారి పాల్గొన్నది. 1965 యుద్ధమున గుండ్ల దెబ్బలు తిన్న మురళీకాంత్ పేట్కర్ అను సైనికుడు 1972లో హైడెల్‌బర్గు నగరమున ఈతపోటీలో స్వర్ణపతకము గెలిచెను. వ్యక్తిగా మన దేశస్థుడు అట్టి క్రీడలలో పొందిన మొదటి స్వర్ణ మది.

గుట్‌మన్‌ను దేవుని చేయుట నాకిష్టము లేదు. ఆయన మహాకోపి. తాను చెప్పినదే జరుగవలెను. రోగులు ఆయనను ప్రేమతో నాన్నయని పిలిచిరి. ఆ పిలుపులో భయమును కొంత యుండెను. చూపు లేనివారును, అవయవములు పోయినవారును ఈ క్రీడలలో చేరవచ్చునా యన్న విషయమున ఆయన చాలకాలము తడబడి, 1976 నాటికి గాని వారితో కూడి ఆడుట జరుగలేదు. అయితే ఆ కోపమంతయు రోగి పక్షమున నిలిచినదని ఆయనను నొచ్చుకొన్నవారును ఒప్పుకొనిరి. 1966లో ఇంగ్లండు రాణి ఆయనకు సర్ బిరుదు నిచ్చినది. 1969లో ఆసుపత్రి ప్రక్కన వికలాంగుల క్రీడాభవనము నామెయే తెరచినది. 1976లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా ఎన్నుకొనినది. 1980 మార్చి 18వ తేదీన ఎనుబది యేండ్ల వయసున ఆయన గుండెజబ్బుతో కన్నుమూసెను.

ఆయన పోయిన యెనిమిదేండ్లకు, 1988లో, సియోల్ నగరమున క్రీడలు జరిగినప్పుడు జర్మనీకి చెందిన ఒట్టోబాక్ సంస్థ మిస్త్రీలు నలుగురు పోయి, కుర్చీలను, కృత్రిమ అవయవములను ఏ దేశమువారివని చూడక బాగుచేసిరి. నాటినుండి ప్రతి క్రీడోత్సవమునందును ఆ మరమ్మతుశాల నడచుచున్నది. 2024లో పారిస్ నగరమున అట్టి పనివారు నూటయేబదిమందికి పైగా నుండిరి. పొరుగు జట్టువాని కుర్చీని ఉదయము అతికి, సాయంకాలము వాని చేతిలో తన దేశపుజట్టు ఓడిపోవుట చూచు మిస్త్రీ మనస్సెట్లుండునో నే నూహింపజాలను.

మన గ్రంథాలయమునకు మూడుచక్రముల బండిమీద వచ్చు చందాదారు డొకడున్నాడు. పుస్తకములు మార్చుకొనుటకు వారమునకు రెండుసార్లు తప్పక వచ్చును. ఆ బండి చక్రము మా యూరి గతుకులలో నెలకు ఒకటి రెండు మారులైనను చెడుచుండును. బస్సుల స్టాండు ఎదుట సైకిలు దుకాణము పెట్టుకొన్న యతడు దానికి పంక్చరు వేసి, గాలికొట్టి, గొలుసునకు నూనె పెట్టి, పదునొకండేండ్లుగా ఒక్క పైసయు తీసికొనలేదు. ఈ సంచిక చివరి పుటలో అచ్చగు దాతల పట్టికలో అతని పేరును చేర్చవలసినదని నేను కార్యనిర్వాహకులను కోరితిని. పట్టిక అప్పటికే అచ్చుకూటమునకు పోయినదని వారు చెప్పిరి.